అద్దంలో కూర్చున్న మనిషి

ఆ పెద్ద కొట్లో తొమ్మిదేళ్లు పనిచేసినా ఆమె పనివేళల్లో ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోకూడదు, అది అక్కడి నియమం. కొనడానికొచ్చిన వాళ్లకు మెత్తటి సోఫా ఉంటుంది, అమ్మేవాళ్లకు పీట కూడా ఉండదు. కాళ్లు తిమ్మిరెక్కితే బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకునేది తప్ప నోరెత్తి అడగలేదు.

అందరూ ఆమెను ఫొటో అక్క అంటారు. రోజూ పదకొండింటికల్లా అరలన్నిటినీ ఫోన్‌తో ఫొటోలు తీసి హెడ్డాఫీసుకు పంపాలి. సరుకు తగ్గిన చోట మిగిలిన నాలుగు పొట్లాలనూ అంచుకు లాగి, వెనక ఖాళీ కనపడకుండా నిలబెట్టాలి. ఫొటోలో మనుషులు పడకూడదు.

ఒకరోజు పాల ఫ్రిజ్ ఫొటో పంపేశాక ఎందుకో పెద్దది చేసి చూసింది. ఫ్రిజ్ అద్దపు తలుపులో ఎదుటి వరస కనపడుతోంది. అక్కడ బోర్లించిన ట్రే మీద నడుం పట్టుకుని కూర్చుని ఉంది వదిన. అన్న భార్యే, ఇదే కొట్లో బిస్కెట్ల వరస చూసుకుంటుంది. ఏడో నెల. కూర్చుని దొరికితే పని పోతుంది.

పంపిన ఫొటో వెనక్కి రాదు. హెడ్డాఫీసులో ఫొటోలు చూసే ఆయనకు ఫోన్ చేసింది.

“సార్, పాల ఫొటో కదిలిపోయింది. తీసేయండి, ఇంకోటి పంపిస్తా.”

“కదల్లేదేమ్మా! నిక్షేపంగా ఉందే... ఆగాగు.”

వందల ఫొటోలు చూసీ చూడనట్టు దాటేసే మనిషికి తనే వేలు పెట్టి చూపించింది!

వదిన దగ్గరికి పరుగెత్తింది. “లే వదినా, లే!”

“ఏంటి ఆడపడుచుగారి హడావుడి? ఫ్రిజ్‌లో పాలు పొంగాయా?”

జవాబు చెప్పేలోపే ఫ్లోర్ మేనేజర్ హెడ్డాఫీసు తిప్పి పంపిన ఫొటోను ఫోన్‌లో చూసుకుంటూ వచ్చాడు. “ఈ కూర్చున్నదెవరు?”

“నేనే సార్,” అంది ఫొటో అక్క.

“తీసిందీ నువ్వే, కూర్చున్నదీ నువ్వేనా? భలేదానివే!”

నవ్వుతూనే అతను వదిన వైపు చూశాడు.

“ఏడో నెల సార్. ఎక్కడ కూర్చోవాలో మీరే చూపించండి.” తొమ్మిదేళ్లలో అడగడం అదే మొదలు.

“ఇంట్లో కూర్చోమను. రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఆ మర్నాటి నుంచి ఆమె ఇంకోరకం ఫొటోలు తీస్తోంది. కౌంటర్ వెనక పాదాల మేర రంగు పోయిన నేల. చెప్పుల కింద మడిచి వేసుకున్న అట్టముక్కలు. వాచిన చీలమండలు. అలాంటివి నలభై తీసి, ప్రింట్లు వేయించి ఊళ్లోని గ్రంథాలయం గోడకు అంటించింది. ఒక్క మొహమూ కనపడనివ్వలేదు, ఇంకొకరి పని పోతుందేమోనని. అయినా ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడుతోంది. వదినను తిరిగి తీసుకోలేదు. తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు.

ఈ కథ చదివినవాళ్లను ఒక సాయం కోరుతున్నాను. ఈ వారం మీరు వెళ్లే కొట్లో అమ్మేవాళ్లు కూర్చోవడానికి ఏముందో చూడండి. ఏమీ లేకపోతే వాళ్లను అడిగి ఇరుకున పెట్టకండి, మేనేజర్‌ను పిలిపించి అడగండి. కూర్చున్నందుకు ఎవరినైనా తీసేశారా అని కూడా అడగండి. ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకుని అదే రాయండి. కింద మీ పేరూ, ఫోన్ నంబరూ పెట్టండి.