స్వామికి ఎడమ పక్క

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా, తుపాకీ పేలిన చప్పుడు విని గుండు ఎక్కడ తగిలిందో చెప్పగల మనిషి మా రోజుల్లో ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడు నేనే. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, "కుడి పక్క, జానెడు కింద" అనేవాడిని. పోయి చూస్తే చిల్లు అక్కడే ఉండేది.

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఉన్నది చెప్తాను. నంద్యాల చాంద్‌మారిలో, అంటే మాకు గురి నేర్పే మైదానంలో, గురి పటాల కింద గుంతలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు. గుండు తగిలిన చోట, గడకర్రకు బిగించిన రేకు బిళ్లను ఆనించి చూపిస్తాడు. నేను కళ్లు పూర్తిగా మూసేవాడిని కాను. రెప్పల సందులోంచి బిళ్లను చూసి, ఆ తర్వాత గట్టిగా మూసుకుని చెప్పేవాడిని. పక్కనున్నవాళ్లు నా మొహం చూసేవాళ్లు గాని బిళ్లను చూసేవాళ్లు కాదు. పేరు అట్లా వచ్చింది. వచ్చిన పేరును కిందపెట్టడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియదు.

యుద్ధం జరుగుతున్న కాలం. నాకు ఇరవై రెండేళ్లు. ఆళ్లగడ్డలో పోలీసు తుపాకులున్న గదికి కాపలా కాయడం, వాటికి నూనె పెట్టడం, మరలు బిగించడం నా పని. అక్కడ ఒక పెద్ద కానిస్టేబులు ఉండేవాడు, దొర్నిపాడు సేద్యగాళ్ల ఇంటి మనిషి. చుట్టరికం లేకపోయినా మామా అని పిలిచేవాడిని. నంద్యాలలో ఏటా జరిగే గురి పరీక్షలో ఆయన వరసగా రెండేళ్లు తప్పాడు. మూడోసారి తప్పితే యూనిఫారం విప్పి ఇచ్చి ఇంటికి పోవాలి. పింఛనుకు ఇంకా నాలుగేళ్లుంది. ఊళ్లో సేద్యం తమ్ముళ్ల చేతికి పోయి చాలా కాలమైంది. తిరిగిపోతే వాళ్ల దగ్గర పాలేరులా బతకాలి.

పరీక్ష మూడు రోజులుందనగా తన తుపాకీ తెచ్చి నా ముందు పెట్టాడు.

"చూడప్పా, ఇది నన్ను చంపుతాండాది. తప్పు నాదా, దీనిదా? అది ఒకటి తేల్చు."

చెవి సంగతి ఎట్లా ఉన్నా, తుపాకీ పని మాత్రం నాకు వచ్చు. అందులో కోతలేమీ లేవు. కుందా, అంటే భుజానికి ఆనించే చెక్క, దాని మరలు వదులయ్యాయేమో చూశాను, గట్టిగానే ఉన్నాయి. గొట్టంలో మిగిలిన నూనె గుడ్డతో లాగేశాను. గొట్టం మూతి దగ్గర సొట్ట ఉందేమోనని గోరుతో తడిమాను, లేదు. తర్వాత మనిషిని చూడాలి. మామకు తెలియకుండా మందు లేని ఉత్తి తూటా ఒకటి పెట్టి పేల్చమన్నాను. తుపాకీ భుజానికి తన్నే దెబ్బకు భయపడేవాడైతే, పేలకపోయినా గొట్టం మూతి కిందికి ఊగుతుంది. మామ చేతిలో అది కదలను కూడా కదల్లేదు.

ఇక మిగిలింది గుండ్లు పేల్చి చూడటం. తూటాలు దొరకని రోజులు. కాళ్లావేళ్లా పడి పదిహేను తెచ్చాను. ఊరి బయట ఒక మట్టి గట్టుకు పటం ఆనించాము. గుంత లేదు, బిళ్ల లేదు. రెండు వందల గజాల అవతల, పక్కగా ఒక బండ చాటున ఒకతన్ని కూర్చోబెట్టాము. అయిదు గుండ్లు కాగానే అతను లేచి చూసి కేక వెయ్యాలి. అహోబిలంలో స్వామికి గొడుగు పట్టే ఇంటివాడు. ఆ వంతు అన్నకు పోవడంతో మా కొలువులో చేరాడు. గొంతు మంచిది.

మామ అయిదూ పేల్చాడు. బండ చాటు నుంచి కేక వచ్చింది: అయిదూ ఒక్కచోటే, అరచెయ్యంత మేర, ఎడమ పక్కకు జానెడు.

నా ప్రాణం లేచొచ్చింది. గుండ్లు చెదిరితే తప్పు మనిషిది. అన్నీ ఒకచోట పడి ఆ చోటు తప్పయితే తప్పు తుపాకీది. గొట్టం కొసన గురి చూసుకునే చిన్న మొన ఉంటుంది, మక్ఖీ అంటాము. గుండు ఎటు పోతే మక్ఖీని అటే జరపాలి. గుండు ఎడమకు పోయింది కాబట్టి, ఇత్తడి ముక్క అడ్డం పెట్టి ఎడమకు కొట్టాను.

ఇక్కడ రెండు పనులు చెయ్యాలి. కొట్టే ముందు, మక్ఖీ ఉన్న చోట సన్నగా గీత గీసుకోవాలి. అంతకంటే ముందు, నడిచిపోయి పటాన్ని కళ్లతో చూడాలి. రెండూ చెయ్యలేదు. ఎండగా ఉందని మామతో అన్నాను. ఎండ కాదు. చప్పుడు విని చెప్పేవాడు పోయి చిల్లులు లెక్కపెట్టుకుంటే ఏం బాగుంటుంది? తల పక్కకు వంచి, నాకూ ఎడమే వినపడింది మామా అన్నాను.

రెండో అయిదు. కేక వచ్చింది: ఇంకా ఎడమకు పోయినాయి, మూరెడు. దెబ్బ చాల్లేదనుకుని ఇంకా గట్టిగా కొట్టాను. మూడో అయిదులో ఒక్కటే తగిలింది, ఎడమ అంచున. తూటాలు అయిపోయాయి.

అహోబిలం అతను పటం భుజాన వేసుకుని వచ్చాడు. చూస్తే చిల్లులన్నీ కుడి పక్కన ఉన్నాయి. ఇదేంది, ఎడమ అన్నావు కదా అని అడిగాను. అతను పటాన్ని మా వైపు తిప్పి నిలబెట్టి, దాని వెనక నిలబడి, తన ఎడమ చెయ్యి చాపి చూపించాడు.

"స్వామికి ఎడమ ఇదే కదన్నా. గుళ్లో దీపమైనా, దండైనా, అమ్మవారైనా, స్వామి నిలబడినకాడి నుంచే చెప్తాము. మొక్కేవాళ్ల పక్క నుంచి ఎవరు చెప్తారు? పటం మనల్ని చూస్తాండాది."

అతని తప్పేమీ లేదు. పుట్టినప్పటి నుంచి అతనికి ఎడమంటే అదే.

మక్ఖీని వెనక్కి కొట్టాలి. ఎంత? గీత లేదు. ఎన్ని దెబ్బలు కొట్టానో గుర్తు లేదు. ఇంకో అయిదు తూటాలైనా ఇమ్మని అడిగితే తరిమారు. కంటితో అంచనా వేసి కొట్టి, సరిపోయింది మామా అన్నాను. అది సరిపోయిందో లేదో దేవుడికే తెలుసు.

పెట్రోలు కరువై బొగ్గు మీద నడిచే బస్సులో నంద్యాలకు పోయాము. మామ పడుకుని గురి చూసి అయిదు పేల్చాడు. రేకు బిళ్ల ఒక్కసారి కూడా లేవలేదు. అయిదుసార్లూ ఎర్ర జెండానే ఊపారు, పటానికే తగల్లేదని. గుండ్లు ఎటు పోయాయో నాకు ఈ రోజుకీ తెలియదు. తుపాకీలో ఏమైనా లోపముందా అని పై అధికారి నన్ను పిలిచి అడిగాడు. చెప్పి ఉంటే ఇంకొక తుపాకీ ఇచ్చేవాళ్లేమో. తుపాకీ బాగుంది సార్, ఆయన కంట్లో పొర వచ్చింది అన్నాను. అదే కాగితం మీద రాసుకున్నారు.

మామ బెల్టు, పట్టీలు, టోపీ బల్ల మీద పెట్టి దొర్నిపాడు పోయాడు. తమ్ముళ్ల జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలు తోలాడు. పోయేంతవరకు అదే పని. తర్వాత ఆయన కూతురినే చేసుకున్నాను. ఎందుకని అడిగితే మంచివాడినని చెప్పుకుంటాను కాబట్టి అడగొద్దు.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఒకటే. యాభై దాటిన మనిషి, పొర ఉండే ఉంటుంది. ఆ రోజు మామ ఒక్క మాటైనా అని ఉంటే నేను నడిచిపోయి చూసేవాడిని. ఆయన నోరు తెరవలేదు.

ఇదంతా మా ఆమెకు చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ చివరిదాకా విన్నది.

"మా నాయన నోరు తెరవలేదా? మొదటి అయిదుకే చెప్పినాడంట, దుమ్ము కుడి పక్క లేస్తాండాదప్పా అని. రెండోమారు గూడా చెప్పినాడంట. నా చెవి తప్పు చెప్పదు మామా అన్నావంట నువ్వు. ఇంటికొచ్చి మాయమ్మకు చెప్తాంటే ఆడనే కూచోనుండా నేను."

చప్పుడులో నాకు వినపడలేదేమో అన్నాను.

"ఇనపడింది. అంత దూరాన దుమ్ము చూసినోని కంట్లో పొర యాడిది? అది కొట్టేసి రాయి."