పిట్టకు పెట్టిన రోజు వచ్చిన పాఠకులు

మాది సిద్దిపేట. టీవీ సీరియల్‌లో విడగొట్టిన జంటను కలుపుతూ కథల యాప్‌లో నా సొంత కథ రాస్తుంటాను. రోజుకో భాగం పెట్టకపోతే పాఠకులు జారిపోతారని జ్వరంలోనూ రాశాను. వాళ్లకోసం ఫోన్‌లో గ్రూపు కూడా పెట్టాను.

నిరుడు బాపు, అంటే మా నాన్న, పోయినప్పుడే కథ ఆగింది. మూడో రోజు బాపుకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెట్టాం. కాకి వచ్చి ముట్టేదాకా అందరం దూరంగా నిలబడ్డాం. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. నా కథను వదలకుండా చదివే వదిన, మా పెద్దబాపు కోడలు, పక్కకు వచ్చింది.

"గా జంట కలుస్తరా లేదా? గదొక్కటి చెప్పరాదూ!"

తలెత్తితే ఆమె ఫోన్ నా మొహం మీదే ఉంది.

"ఏంది వదినా, వీడియో తీస్తున్నవా?"

"నీ కోసమే. ఇందాకనే ఒకటి గ్రూపుల పెట్టిన. అందరు అయ్యో అంటున్నరు. గీ ఏడుపు కథల గూడ రాయి, మస్తు మంది చదువుతరు."

గ్రూపు తెరిస్తే నా ఏడుపు కింద ఎర్ర గుండెలు, 'అక్కా, తర్వాతి భాగం ఎప్పుడు?' అన్న ప్రశ్నలు. ఆ వీడియో ఒకరి నుంచి ఒకరికి పాకి, మునుపెన్నడూ రానంతమంది కొత్త పాఠకులు ఆ ఒక్కరోజే వచ్చారు.

కాకి తన ముద్ద తిని వెళ్లిపోయింది. వీళ్లు మాత్రం ఇంకా నా చుట్టూనే తిరుగుతున్నారు, వదినతో సహా.