రెండో మాట

ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర్లోని ఒక చిన్న ఆసుపత్రిలో, దెబ్బలు తగిలి వచ్చేవాళ్లను చూసే డాక్టరుగా పనిచేస్తున్న రోజులవి. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. ఇవాళ బంద్ అంటే రేపు వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అందరూ అక్కడే కూర్చుని తినేవాళ్లు. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి.

అలాంటి ఒక వంటావార్పులో అన్నం వారుస్తున్న ముసలావిడను, సందు చూసుకుని దూరబోయిన మోటారుసైకిలు ఒకటి గుద్దేసింది. ఇంకొకరైతే నేరుగా ఆసుపత్రికి వచ్చేవాళ్లు. ఈవిడ లేచి, చీర దులుపుకుని, అందరికీ వడ్డించి, చంపాపేటలోని ఇంటికి వెళ్లి పడుకుంది. మర్నాడు ఊపిరాడక ఎగపోస్తుంటే ఆటో నడిపే కొడుకు ఎత్తుకొచ్చాడు.

"ఏం కాలె బిడ్డా. జర పక్కకు పట్టింది, గంతే" అంది నాతో.

ఎక్స్‌రే చూస్తే ఎడమవైపు పక్కటెముకలు వరసగా విరిగి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్నంతా ఏం చేస్తున్నావయ్యా?" అని కొడుకు మీద ఇంతెత్తున లేచాను.

"చెప్తెనే గద మేడం తెలిసేది! పొద్దుగాల ఛాయ్ గూడ ఆమెనే పెట్టింది" అన్నాడతను ఏడుపు గొంతుతో.

వయసులో ఉన్నవాడికి ఇవే ఎముకలు విరిగితే కొన్నాళ్లు మూలిగి లేచి తిరుగుతాడు. డెబ్బై దాటినవాళ్ల సంగతి వేరు. విరిగిన ఎముక కంటే, నొప్పికి జడిసి తీయని ఊపిరే వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. పైపైన గాలి పీలుస్తారు, దగ్గొస్తే బిగబట్టుకుంటారు. లోపల కఫం పేరుకుని న్యుమోనియా పట్టుకుంటుంది. గుండె నిండా ఊపిరి తీస్తేనే మీ అమ్మ బతుకుతుందని కొడుక్కి దాచకుండా చెప్పాను.

నొప్పి తగ్గడానికి వెన్నులో సన్నని గొట్టంతో మందు ఎక్కించాం. ఊపిరి వ్యాయామాలు చేయించే మనిషి బస్సుల్లేక రాలేదు. సరే, నేనే కూర్చున్నాను. మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం చేతికిచ్చి, "మామ్మగారూ, ఇది నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగండి. బంతులు పైకి లేవాలి" అన్నాను.

"మామ్మేంది, అవ్వ అను. గీ పోరగాండ్ల ఆట నాతోని కాదు" అని పక్కన పడేసింది.

బతిమాలాను, కసిరాను. నొప్పి ఉందా అంటే లేదంటుంది, దగ్గమంటే దగ్గదు. అమ్మో, ఇంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు. అంతలో కిటికీ బయట ఊరేగింపు వచ్చింది. "జై" అని ఒకడి కేక, "తెలంగాణ" అని వందల గొంతులు. అవ్వ ఉన్నట్టుండి రొమ్ము నిండా గాలి పీల్చి "తెలంగాణ!" అని అరిచింది. అరిచి, పక్క పట్టుకుని దగ్గి, ఇంత కఫం ఉమ్మేసింది.

నా దుంపతెగ, మందు ఇక్కడుందా అనుకున్నాను.

మాది గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ కుటుంబం. ఆ నినాదం వినబడితే మా నాన్నగారు టీవీ కట్టేసేవారు. అలాంటి ఇంటి పిల్లను, వీలు దొరికినప్పుడల్లా ఆమె మంచం దగ్గర నిలబడి "జై" అనేదాన్ని. రెండో మాట ఆమెది. "ఢిల్లీకి వినబడాలవ్వా" అని నేను. "ముందు నువ్వు సక్కగ అను, పాణం లేనట్టు అంటవేంది" అని ఆమె. వార్డంతా నవ్వేవాళ్లు.

"ఆంధ్రోళ్ల పిల్లవు గద, గా మాటకు నోరెట్ల ఒస్తున్నదే నీకు?" అని ఒకసారి అడిగింది.

"నువ్వు బతకాలి కదవ్వా, అందుకొస్తోంది" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మొదట్లో ఆక్సిజన్ బాగానే నిలబడింది. నాకు ఆశ పుట్టింది. తర్వాత ఒక పొద్దున జ్వరం వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బిగబట్టుకున్న ఆ రాత్రి ఊపిరి అప్పటికే చేయాల్సిన చెరుపు చేసేసింది. మందులు మార్చాం. ఎడమ ఊపిరితిత్తి తెరుచుకోలేదు. ఇక గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టాలి. ఆ వయసులో, ఆ ఊపిరితిత్తులతో మిషన్ మీదికి వెళ్తే మళ్లీ రావడం చాలా అరుదని కొడుక్కి చెప్పాను. అతను తల్లినే అడిగాడు.

"గొట్టమేస్తే మాట్లాడొస్తదా?" అంది ఆమె నా వైపు చూసి.

"రాదవ్వా."

"గట్లయితే ఒద్దు."

కొడుకు గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. డాక్టర్లు ఏడవకూడదని చెప్పినవాళ్లెవరైనా ఆ క్షణాన ఎదురుపడితే కడిగిపారేసేదాన్ని. ఆయాసం తెలియకుండా మందు పెంచి పక్కనే కూర్చున్నాను. సాయంత్రమవుతోంది. ఏం చేయాలో తోచక, అలవాటుగా "జై" అన్నాను. ఆమె పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. మళ్లీ అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నాతోని కాదు బిడ్డా. రెండూ నువ్వే అను. నేను వింట."

రెండో మాట నేను ఎన్నడూ అనలేదు. అది నాది కాదని, ఆమె మంచం దగ్గర కూడా ఆమెకే వదిలేశాను. కొడుకు కళ్లు తుడుచుకుని నా వైపు చూస్తున్నాడు. ఆమె చెవి దగ్గరికి వంగి, రెండూ కలిపి మెల్లగా అన్నాను.

"గట్టిగ" అంది కళ్లు మూసుకునే.

వార్డంతా వినబడేలా అన్నాను.