తల వైపు హ్యాండిల్

ఆ వార్డు ఆయాకి రోగులు పెట్టిన పేరు హ్యాండిలమ్మ. తల లేపాలన్నా, మోకాళ్ళు ఎత్తాలన్నా మంచం కాళ్ళ దగ్గర వంగి హ్యాండిల్ తిప్పేది ఆవిడే. కరెంటుతో లేచే మంచాలు పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయట. ఉండనీండి, ఆవిడకేం కుళ్ళు లేదు. "కరెంటు పోతే వాటి గతేంటి? నా మంచాలకి నేనున్నా" అనేది. మంచానికే బిగించిన సెలైన్ కడ్డీ అంటే మరీ ముద్దు. పూర్వం మంచం దారి మంచానిది, స్టాండు దారి స్టాండుది. రోగిని ఎక్స్‌రేకి తోసుకెళ్తుంటే ఎవరో ఒకరు సీసా పైకెత్తి పట్టుకుని పక్కన పరుగెత్తాల్సి వచ్చేది.

ఆవిడ ఈ ఉద్యోగంలో నిలబడిందంటే అత్త చలవే. మొగుడు పోయి, చంటిపిల్లలతో దిక్కుతోచక కూర్చుంటే, "ఏడిస్తే పొయ్యి వెలుగుతుందా? పో, పనికి పో. పిల్లల్ని నేను చూసుకుంటా" అని తరిమింది ఆ ముసలావిడే. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

అలాంటి అత్త నెమ్ము చేసి అదే వార్డుకొచ్చి పడింది. ఎక్స్‌రే తీయించి మంచాన్ని వెనక్కి తెచ్చారో లేదో, ఊపిరి అందక కళ్ళు తేలేసింది.

"తల లేపు, త్వరగా!" అని అరిచి నర్సు ఆక్సిజన్ కోసం పరుగెత్తింది.

హ్యాండిలమ్మ వంగింది గానీ, చూపంతా అత్త మొహం మీదే ఉంది. మంచానికి రెండు హ్యాండిళ్ళు, ఎడమది తలకి, కుడిది మోకాళ్ళకి. నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, కంగారులో కుడిది పట్టుకుని గిరగిరా తిప్పేసింది. తల ఉన్నచోటే ఉంది, మోకాళ్ళు గుట్టలా లేచాయి.

"ఒసేయ్..." అత్త రొప్పుతూ అంది, "ఊపిరాడాల్సింది... ముక్కులో... మోకాళ్ళలో కాదే!"

హ్యాండిలమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఎడమది అందుకుని తిప్పింది. తల లేచింది, వీపు లేచింది, అత్త కూర్చున్నట్టయింది. కడ్డీకున్న సెలైన్ సీసా కాస్త ఊగి సర్దుకుంది. నర్సు వచ్చి ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది. రొప్పు తగ్గేదాకా కోడలి ప్రాణం ప్రాణంలో లేదు. సీసా పట్టుకునే పని లేదు కాబట్టి రెండు చేతులతోనూ అత్త చెయ్యి పట్టుకుంది.

"నువ్వే లేకపోతే నా బతుకేమయ్యేది అత్తా!" అని భోరుమంది.

అత్త ఆ మాట పట్టించుకోలేదు. నిండుగా ఊపిరి పీల్చి, కోడలి అరచెయ్యి తిప్పి చూసింది. కాయలు కాసిన చోట వేలితో నిమిరింది.

"రోజంతా ఇదేనా తిప్పేది? చెయ్యి నొప్పి పుట్టదటే?"

ఇన్నేళ్ళలో "ఇంకాస్త ఎత్తు", "అబ్బా, దించు" అన్నవాళ్ళే గానీ, ఆ మాట అడిగిన మనిషి లేదు.

"లేదత్తా" అంటూ హ్యాండిలమ్మ, అత్త చెయ్యి వదలకుండానే భుజానికి కళ్ళు తుడుచుకుంది.