కోటయ్య మాస్టారి ఆరో పీరియడ్

మా బడి రేపల్లె నుంచి బస్సులో అరగంట దూరం. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడ చదువుకున్నవాళ్లు నామీదికి పోట్లాటకు వస్తారు. నేను లెక్కల మాస్టారిని, పేరు వేంకటసుబ్రహ్మణ్యం. రోజూ తెనాలిలో పాసింజరు ఎక్కి రేపల్లెలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో బడికి చేరేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది నా గురించి కాదు, మా క్రాఫ్టు మాస్టారు కోటయ్యగారి గురించి. కాకపోతే ఆయన కథ చెప్పాలంటే నా నిర్వాకమూ చెప్పక తప్పదు.

కోటయ్యగారిది పేరాల, నేతపనివాళ్ల కుటుంబం. ఉద్యోగంలో చేరిన కొత్తలో బడి వెనక గదిలో కాళ్లు దించి కూర్చోడానికి తనే గుంట తవ్వి మగ్గం పెట్టుకున్నారు. ఒక్కో తరగతికి వారానికి రెండు క్రాఫ్టు పీరియడ్లు ఉండేవి. నేను ఆ బళ్ళోకి వచ్చిన ఏడాది, జనవరిలో, సిలబస్ వెనకబడిందని ఒక పీరియడ్ అడిగి తీసుకున్నాను. మరుసటి ఏడాది దసరా నుంచే తీసుకున్నాను. ఆ తరవాత అడగడం కూడా మానేశాను. సుద్దముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడితే చాలు, ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని బయటికి నడిచేవారు. సైన్సు మాస్టారూ నా దారే పట్టాడు. మగ్గం గదిలోకి విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాలు, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు చేరాయి. కోటయ్యగారు వరండాలో కూర్చుని అడ్మిషన్ రిజిస్టర్లు రాసేవారు. ఆయన దస్తూరి ముత్యాలకోవ. పిల్లలు చాలామంది ఆయన్ని గుమాస్తా అనుకునేవాళ్లు. ఇరవై ఏళ్లు అలా గడిచిపోయాయంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది.

రెండువేల ఆరులో శేషారత్నంగారు హెడ్మాస్టరుగా వచ్చారు. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలని, అందుకు తగినట్టు గదులు కూడా మారాలని ఆవిడ ఏదో శిక్షణలో విని వచ్చారు.

"మన పిల్లలు ముందు పదో తరగతి గట్టెక్కనివ్వండి మేడమ్," అన్నాను నేను, నలుగురూ నవ్వేలా.

ఆవిడ నవ్వలేదు. వారం తిరక్కుండా మగ్గం గది ఖాళీ చేయించి, తొమ్మిదో తరగతికి అది ప్రాజెక్టు గది అన్నారు; క్రాఫ్టుకున్న ఆరో పీరియడ్లు మళ్లీ కోటయ్యగారికే ఇచ్చారు. నేల చదునుగా ఉండాలని గుంట కూడా పూడ్పించబోయారు. కోటయ్యగారు ఆ ఒక్కటీ వద్దని బతిమాలి ఆపించారు. విరిగిన బెంచీల చెక్కలతో పొట్టి బల్లలు చేయించి, పిల్లల్ని గుంట చుట్టూ కూర్చోబెట్టారు.

"ఈ గదికి ఏం కావాలో మీరే చెప్పండి," అన్నారట కోటయ్యగారు.

పిల్లలు ఎండ గురించి చెప్పారు. ఆరో పీరియడ్‌లో పడమటి కిటికీల్లోంచి ఎండ నేరుగా మొహాన కొట్టేది. తలుపులేస్తే ఉక్క. సరే, ఆ కిటికీలకు తెర మనమే నేద్దామన్నారు మాస్టారు. వారం రోజులు పిల్లలు ఎండ ఎక్కడిదాకా వస్తోందో నేలమీద సుద్దతో గీతలు గీశారు, కిటికీలు కొలిచారు, పోగుల లెక్క వేశారు. అంతా చూస్తూనే ఉన్నాను. అది కూడా లెక్కలేనని ఒప్పుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

నిజాంపట్నం దగ్గరి జాలర్ల పల్లె నుంచి వచ్చే వెన్నెల అనే పిల్ల, తెర పైన బిగువుగా, కింద వలలాగా వదులుగా ఉంటే ఎండ ఆగుతుంది, గాలి వస్తుంది అంది. పేరాలలో పోగు వదులైతే దాన్ని తప్పంటారు, కోటయ్యగారు వాళ్ల నాన్న దగ్గర అందుకు దెబ్బలు కూడా తిన్నారు. రెండు రోజులు ఆలోచించి, "అలాగే కానీ అమ్మా," అన్నారు.

నేశారు. వదులు చేసినచోట పోగులన్నీ జారి ఒక పక్కకి పోయాయి. జానెడు గుడ్డ ఊడదీయడానికి రెండు వారాలు పట్టింది.

"జారుతుందని మీకు ముందే తెలుసు కదండీ. చెప్పి ఉండాల్సింది," అన్నాను.

"చెప్తే నేను నేసినట్టే అవుద్దండి, ఆళ్లు నేసినట్టు కాదు," అన్నారాయన.

చివరికి వెన్నెలే వల కట్టే పద్ధతిలో పోగులు రెండేసి మెలిపెట్టి ముడి వేసి చూపించింది. ఈసారి జారలేదు. ఆ ముడి కోటయ్యగారు పిల్ల పక్కన కూర్చుని నేర్చుకున్నారు.

ఇంతలో జనవరి వచ్చింది. తొమ్మిదో తరగతికి జనవరిలోనే పదో తరగతి లెక్కలు మొదలెట్టడం మా బళ్ళో నేను పెట్టిన ఆనవాయితీ. కోటయ్యగారు ఫిబ్రవరి ఆఖరుకి రిటైరవుతున్నారు. ఆ పోస్టు ఆయనతోనే పోతుంది. తెర పూర్తవాలంటే మిగిలిన ప్రతి పీరియడూ ఆయనకు కావాలి. ఇవన్నీ తెలిసే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుని ఉన్నారు. కళ్లజోడు తియ్యలేదు.

"ఇవ్వనండి," అన్నారు.

పిల్లలు నా మొహం చూశారు. ఇరవై ఏళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. గొంతు పెంచలేదు, 'అండి' కూడా విడవలేదు. నేను నేరుగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి అరిచినంత పని చేశాను.

"పీరియడ్ ఆయనది కదండీ మాస్టారూ, నన్నేం చెయ్యమంటారు?" అన్నారు శేషారత్నంగారు.

నెల రోజులు కోటయ్యగారితో మాట్లాడలేదు. ఫిబ్రవరి ఆఖరున శాలువా కప్పి, దండ వేసి పంపించారు. వెనక వరసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. తెర ఇంకా మూరెడు మిగిలిపోయింది. మర్నాడే టైంటేబులు మారింది. ఆరో పీరియడ్ లెక్కలకి రాశారు. ఇన్నేళ్లూ నేను కోరుకున్నది ఎవరినీ అడగక్కర్లేకుండా నాదైంది.

ఆ తరవాతి మంగళవారం ఆరో పీరియడ్‌లో ఆ గదిలోనే పాఠం మొదలుపెట్టాను. ఎండ ఎప్పటిలాగే మొహాన కొడుతోంది. పిల్లలు నోటు పుస్తకాలు నుదుటికి అడ్డం పెట్టుకుని రాసుకుంటున్నారు. మగ్గం మీద పూర్తికాని తెర అలాగే ఉంది. ఒక్కరూ అటు చూడటంలేదు, నాకు కోపం వస్తుందని. అంతలో గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. కోటయ్యగారు. పేరాల నుంచి రెండు రైళ్లు, ఒక బస్సు మారి వచ్చారు. చేతిలో నూలు చుట్టిన కండెల సంచి. లోపలికి రాలేదు. తన చేత్తో గుంట తవ్వుకున్న గది గుమ్మం అవతల నిలబడి అడిగారు.

"మాస్టారూ, మీకు ఇబ్బంది లేకపోతే ఈ పీరియడ్ ఒక్కటి ఇప్పిస్తారా? మళ్లీ అడగనండి."

ఈయన దగ్గర వందల పీరియడ్లు తీసుకున్నాను, ఒక్కసారీ ఇలా అడిగిన పాపాన పోలేదు. పుస్తకం మూసి ఆయన చేతిలో సంచి అందుకున్నాను.

"ఇవాళే కాదండీ. తెర అయిందాకా రండి," అన్నాను.

ఆయన గుంటలోకి దిగారు. పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు. ఆ గదిలో ఏ పనీ చేతకానివాణ్ణి నేనొక్కణ్ణే. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడి ఉంటే వెన్నెల పక్కకి జరిగి చోటిచ్చింది.