అక్క గొంతు, ఈశాన్యం మూల

రేపల్లెలో మా అక్క ఇంటి ముందు గదిలో ఒక మూలతో నాకు చాలాకాలంగా వైరం. అది ఈశాన్యం మూల. ఇల్లు కట్టినప్పుడు అక్కడ బీరువా పెట్టుకుంటే గది విశాలంగా ఉంటుందని నేనన్నాను. ఈశాన్యంలో బరువు పెట్టకూడదంది అక్క. బరువు ఎక్కడ పెట్టినా నేలే మోస్తుంది, దిక్కు మోయదని నేను వాదించాను. మంచి వాక్యమే, నేను ఉపన్యాసాలిచ్చే హేతువాద సభలో అయితే చప్పట్లు పడేవి. అక్క మాత్రం ఆ మూలన చిన్న చెక్కబల్ల వేసి దాని మీద దీపం పెట్టుకుంది. గోడకున్న ప్లగ్గులో సెల్‌ఫోను ఛార్జరు కూడా గుచ్చింది. అదేంటక్కా అంటే, "ఫోనుకు మాత్రం మంచి జరగక్కర్లేదా?" అంది.

మా అక్క తెలుగు టీచరు. ఉద్యోగం అయిపోయాక కూడా సాయంత్రాలు ఆ గదిలో చాపలు పరిచి ఆడపిల్లలకు ఉచితంగా చదువు చెప్పేది. పద్యం ఎత్తుకుంటే వీధి చివరి కిళ్లీకొట్టు దాకా వినపడేది. అలాంటి మనిషికి గొంతులో జబ్బు వచ్చింది. ఆపరేషను తప్పదనీ, ఆ తర్వాత గొంతు పూర్తిగా రాకపోవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు. అక్క ఏడవలేదు. ఆపరేషను తేదీకి ముందున్న రోజులన్నీ ఫోను ముందు కూర్చుని పాఠాలు రికార్డు చేసింది. సంధులు, సమాసాలు, ఛందస్సు, ఎనిమిది నుంచి పదో తరగతి దాకా పద్యభాగమంతా. తలుపులు మూసుకుని, ఫ్యాను ఆపేసుకుని, చెమటలు కక్కుకుంటూ చెప్పింది.

డాక్టరు చెప్పినట్టే అయింది. ఇప్పుడు అక్కకు గుసగుస మాత్రమే మిగిలింది. ఎవరినైనా పిలవాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో టంగుమని కొడుతుంది. క్లాసు ఆగిపోయింది. దసరా సెలవులు అవగానే మళ్లీ మొదలుపెడతానని పిల్లలకు కబురు చేసింది. అందుకు ఆమె నమ్ముకున్నది ఆ రికార్డులను, నన్ను.

వాట్సాప్‌లో పంపేస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోదు. కొల్లూరు వైపు నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ వచ్చే పిల్లల చేతుల్లో ఉండేవి ఇంట్లోవాళ్లు వాడి పక్కన పడేసిన ఫోన్లు. వాటిలో డేటా ఉండదు, జాగా ఉండదు. పైగా అక్కకు పిల్లలు తన ఎదుట కూర్చుని వినాలి. ఒకరు ఎనిమిది, ఒకరు పది. అందరికీ కలిపి స్పీకరు పెడితే లాభం లేదు.

దారి చూపించింది బాపట్లలో ఉన్న నా మిత్రుడు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు, లూథరన్ క్రైస్తవుడు. దేవుడు ఉన్నాడా లేడా అనే విషయం మీద మేమిద్దరం యవ్వనం నుంచి వాదించుకుంటున్నాం. ఇంకా తేలలేదు గనక స్నేహం నిలిచి ఉంది. ఆయన దగ్గర అరచేతిలో పట్టేంత కంప్యూటరు బోర్డు ఒకటి ఉంటే నాకు పంపాడు. చాలా పాతది. దానికి వైర్‌లెస్ పుట్టుకతో లేదు. యూఎస్‌బీ రంధ్రంలో చిన్న వైర్‌లెస్ అడాప్టరు గుచ్చితే, ఆ బోర్డే గదంతా వైఫై ఇస్తుంది. ఇంటర్నెట్టు అక్కర్లేదు, పాఠాలన్నీ బోర్డులోనే ఎక్కించి ఉంటాయి. పిల్ల ఫోనులో వైఫై తగిలించుకుని తనకు కావలసిన పాఠం నొక్కుకుంటుంది, ఇయర్‌ఫోన్లలో వింటుంది.

అడాప్టరు తెనాలిలో నేనే కొన్నాను. డబ్బా మీద లినక్స్ గుర్తు పెంగ్విను బొమ్మ చూసి, మిత్రుడు చెప్పిన రకం ఇదేనని నమ్మాను. గుచ్చితే బోర్డు దాన్ని గుర్తించింది గానీ వైఫై మాత్రం పుట్టలేదు. ఆయన బాపట్ల నుంచి ఫోనులో నవ్వాడు. "ఏమయ్యా, డబ్బా ఒకటే అయినా లోపలి చిప్పు వేరు ఉంటుంది. దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాం బోర్డులో లేదు. బొమ్మ చూసి నమ్మావా? విగ్రహారాధన!" పైవేషం చూసి లోపలి సరుకు నమ్మకండని వేదికల మీద గొంతు చించుకున్నవాణ్ణి.

రెండో అడాప్టరు ఆయనే తెచ్చాడు. తెనాలిలో మా ఇంట్లో నా ఫోనుతో, ఆయన ఫోనుతో చూశాం. శుభ్రంగా పనిచేసింది. ఇంట్లో మూలన పడివున్న నా పాత ఫోను ఛార్జరే బోర్డుకు కరెంటు. అంతా ఒక సంచిలో వేసుకుని, సెలవులు అయిపోయిన రోజు పొద్దున్నే రేపల్లె రైలు ఎక్కాం. ఆ సాయంత్రమే క్లాసు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. చాపలు అప్పటికే పరిచేసింది. పక్కిళ్లలో అడిగి నాలుగైదు ఫోన్లు తెచ్చి వరసగా పెట్టింది. బోర్డును గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి, అక్కడి ప్లగ్గులో ఛార్జరు గుచ్చాను. వైఫై వచ్చింది. ఒక ఫోను, రెండో ఫోను తగిలాయి. మూడో దానిలో పాఠం నొక్కగానే అన్నీ ఒకేసారి మూగబోయాయి. ఆపి మళ్లీ వెలిగించాం. మళ్లీ అదే వరస. మిత్రుడు ఛానెలు మార్చాడు. అడాప్టరును వేరే రంధ్రంలో గుచ్చాడు. రెండు ఫోన్ల దాకా బుద్ధిగా ఉండటం, మూడో దానికి చతికిలబడటం.

టంగుమంది గ్లాసు.

"ఈశాన్యంలో పెట్టి చూడరా" అని గుసగుసలాడింది అక్క.

ఇక నేను ఆగలేదు. దిక్కులు మనిషి పెట్టుకున్న పేర్లు అన్నాను. గుండ్రంగా తిరిగే భూమికి మూల ఎక్కడిది అన్నాను. వాస్తు పేరు చెప్పి గోడలు పడగొట్టించుకున్నవాళ్ల గురించి, తలుపు మూయించి కిటికీలోంచి దూరినవాళ్ల గురించి చెప్పాను. విద్యుదయస్కాంత తరంగానికి పంచాంగం తెలియదని ముగించాను. బాగా మాట్లాడాననే అనుకున్నాను. బోర్డు మాత్రం ఇంకా మూగగానే ఉంది.

"సభ అయిందా? పెసరట్లు చల్లారిపోతున్నాయి, లోపలికి పదండి" అంది అక్క.

మధ్యాహ్నం కావస్తుండగా వంటింట్లో అల్లం పచ్చడితో పెసరట్టు తింటూ సాయంత్రం ఏం చేయాలా అని తర్జనభర్జన పడ్డాం. అక్క తన పళ్లెం ముందు కూర్చోలేదు. పెనం దగ్గరికీ ముందు గదికీ తిరుగుతూనే ఉంది. కాసేపటికి ముందు గదిలోంచి టంగు టంగుమని వినిపించింది. పరుగెత్తాం. బోర్డు ఈశాన్యం మూలన దీపం పక్కన కూర్చుని ఉంది. చాప మీద ఫోన్లన్నీ ఒకేసారి పాడుతున్నాయి. ఒకదానిలో ఉత్పలమాల, ఒకదానిలో సవర్ణదీర్ఘసంధి, ఒకదానిలో మత్తేభం. అన్నీ అక్క గొంతే. ఆ గోలలో అక్క మౌనంగా, చేతిలో చెంచాతో, గెలిచిన మనిషిలా నిలబడి ఉంది.

"కాకతాళీయం" అన్నాను.

"మొదటి పెసరట్టు నుంచీ పాడుతున్నాయి, మీ తర్జనభర్జనలో మీకే వినపడలేదు" అంది అక్క.

"అయితే మాత్రం? వాస్తు అనేది..."

అక్క గ్లాసు మీద గట్టిగా కొట్టింది. "మాస్టారూ, మీరు అధ్యక్షత వహించండి. వీడు సభామర్యాద తప్పాడు."

మిత్రుడు సంతోషంగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అభ్యంతరం ఏంటో చెప్పండి టీచరుగారూ."

ఆ మర్యాద ఏంటో ఇక్కడ చెప్పాలి. నేను వాదం నేర్చుకున్న హేతువాద సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. ప్రత్యర్థి మాటను ఖండించే ముందు, ఆ మాటను అతని ఎదుటే తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని అతను ఒప్పుకున్నాకే ఖండన మొదలుపెట్టాలి. పూజారులతో, పాస్టర్లతో, జ్యోతిష్కులతో ఎందరితో వాదించినా ఈ నియమం తప్పినవాణ్ణి కాదు. నా సభలకు ముందు వరసలో కూర్చుని వినే అక్కకు ఈ నియమం నాకంటే బాగా తెలుసు.

"నా మాట తిరిగి చెప్పకుండానే ఖండించాడు, పొద్దున్నా ఇప్పుడూ" అంది అక్క. గుసగుస కావడంతో మేమిద్దరం ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"అభ్యంతరం ఆమోదించాను" అన్నాడు అధ్యక్షుడు. "ఏమయ్యా, చెప్పు. టీచరుగారు ఏమన్నారు?"

"వాస్తు ప్రకారం ఈశాన్యంలో..."

"నేను వాస్తు అన్నానట్రా?"

అనలేదు. గుర్తు చేసుకుంటే నిజంగానే అనలేదు. "ఈశాన్యంలో పెట్టి చూడరా" అంది. అంతే. వాస్తు అంతా నా ఉపన్యాసంలోదే.

"ఈ మూలన పెట్టి చూస్తే పనిచేయవచ్చు అన్నది" అని ఒప్పజెప్పాను.

"అవును, నేనన్నది అదే. ఇప్పుడు ఖండించు."

ఎలా ఖండించను? ఎదురుగా మత్తేభం వినిపిస్తోంది. పెట్టి చూడమనడం కంటే శాస్త్రీయమైన మాట ఏముంది? ఆ మాట అక్క నోటిలోంచి వచ్చింది గానీ, నాకు అది వాస్తు మూలలోంచి వచ్చినట్టు వినపడింది. పొద్దున ఒక్కసారి అలా పెట్టి చూసి ఉంటే కారణం వెతకడానికి పూట మిగిలేది. అది తలచుకుని నాకే నవ్వొచ్చింది. మరీ సిగ్గు కూడా పడలేదు, ఎందుకంటే అప్పటికి అసలు పని మొదలైంది: పనిచేస్తోంది సరే, ఎందుకు?

బోర్డును తిరిగి గుమ్మం పక్క బల్లకు మార్చాను. మూడో ఫోనుకు మూగబోయింది. ఈశాన్యానికి తెచ్చాను, అన్నీ పాడాయి. అక్క ముఖం వెలిగిపోతోంది. "ఇక ప్రార్థన చేద్దామా?" అన్నాడు మిత్రుడు. ఆగండి మాస్టారూ అని బోర్డు దగ్గర కూర్చున్నాను. దాని మీది చిన్న ఎర్ర దీపం నిలకడగా వెలుగుతోంది. బల్ల మీద ఉన్నప్పుడు అది మిణుకుమిణుకుమన్నట్టు గుర్తు. బోర్డు పని చేస్తోందనడానికి గుర్తేమో అనుకున్నాను తప్ప పట్టించుకోలేదు.

"అక్కా, దీన్ని ఇక్కడికి తెచ్చినప్పుడు నా ఛార్జరు తెచ్చావా?"

"ఎందుకు తెస్తాను? ఇక్కడ నా ఛార్జరు గోడకే ఉందిగా. నీ ఛార్జరులోంచి వైరు పీకి దానికి గుచ్చాను."

మిత్రుడు కుర్చీలోంచి లేచాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అక్క ఛార్జరు కొత్త ఫోనుతో వచ్చింది, బలమైనది. నాది ఏనాటిదో, డొక్కుది. ఫోన్లు పెరిగేకొద్దీ అడాప్టరు కరెంటు ఎక్కువ లాగుతుంది. నా ఛార్జరు అంత ఇవ్వలేక బోర్డు సొమ్మసిల్లుతోంది. తెనాలిలో రెండే ఫోన్లతో చూశాం గనక అక్కడ బయటపడలేదు.

అనుకుంటే చాలదు, రుజువు కావాలి. అక్క ఛార్జరును గుమ్మం పక్క బల్లకు తెచ్చాను. ఫోన్లన్నీ పాడాయి. నా ఛార్జరును ఈశాన్యం మూలన, దీపం పక్కనే పెట్టాను. ఎర్ర దీపం మిణుకుమంది, మూడో ఫోనుకు అంతా ఆగిపోయింది. ఒకసారికి ఒక్కటే మార్చి చూశాం. చేతులు దులుపుకుని లేచాను.

"చూశావా అక్కా? మూల కాదు, ఛార్జరు!"

అక్క తన ఛార్జరును చేతిలోకి తీసుకుంది. "ఈశాన్యంలో ఉన్న వస్తువు ఎక్కడికెళ్లినా పనిచేస్తుందన్నమాట" అంది.

మిత్రుడు కుర్చీలో పడి పడి నవ్వాడు. ఏ ఫలితం వచ్చినా తనదే గెలుపనే వాదం అసలు వాదమే కాదని నేను ఎన్ని సభల్లో చెప్పానో. ఇప్పుడూ చెబుదామని నోరు తెరిచాను. అక్క అందులో ఒక పెసరట్టు ముక్క పెట్టింది.

బోర్డును పొడుగు గోడకు నడుమనున్న కిటికీ అరుగు మీద పెట్టాం. గదంతా సమానంగా అందుతుందని మిత్రుడి సలహా. అక్క ఛార్జరుతోనే. మరి నీ ఫోను మాట ఏంటక్కా అంటే, కొత్త ఛార్జరు కొనిపెట్టమంది నన్ను, ఈశాన్యం ప్లగ్గుకు.

పొద్దువాలుతుండగా పిల్లలు వచ్చారు. చెప్పులు గుమ్మం బయట గుట్టయ్యాయి. టీచరుగారి గొంతు సంగతి వాళ్లకు తెలుసు గనక అందరూ ముందే గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు. మీకేమైందర్రా, మీ గొంతులు బాగానే ఉన్నాయిగా అని అక్క చేతులతోనే గద్దించింది. ఒక్కొక్కరి ఫోనూ తగిలించాం. చాపల మీద తలలు వంచుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. నేను ఎర్ర దీపాన్నే చూస్తూ నిలబడ్డాను. అది కదల్లేదు.

ఎప్పుడూ ఆ వేళకు పద్యాలతో హోరెత్తే గది నిశ్శబ్దంగా ఉంది. అక్క వరసల మధ్య తిరుగుతోంది. ఎవరి పెదవులు కదులుతున్నాయో, ఎవరు దిక్కులు చూస్తున్నారో గమనిస్తోంది. ఆపరేషను తర్వాత ఆ రికార్డులను ఆమె ఒక్కసారి కూడా చెవిన పెట్టుకుని వినలేదని నాకు తెలుసు. మధ్యాహ్నం ఫోన్లన్నీ కలిసి చేసిన గోలను వినడమని అనలేం.

పదో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. "టీచరుగారండీ, ఇక్కడ అర్థం చెబుతూ మధ్యలో దగ్గారండి. ఒక మాట వినపడలేదు."

అక్క ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుంది. ఒక ఇయర్‌ఫోను తీసుకుని తన చెవిలో పెట్టుకుంది. ఆ పిల్ల పాఠాన్ని కాస్త వెనక్కి జరిపి మళ్లీ నొక్కింది. అక్క కళ్లు మూసుకుని వింది. పద్యం ఎత్తుకున్న చోట ఆమె తల ఊగడం నాకు కనిపించింది. దగ్గు దాకా వచ్చిందేమో, కళ్లు తెరిచింది.

"అబ్బో, ఎంత గట్టిగా అరిచేదాన్నే!" అంది నవ్వుతూ.

తర్వాత ఆ పిల్ల చెవి దగ్గరకు వంగి, దగ్గులో పోయిన ఆ ఒక్క మాటా గుసగుసగా చెప్పింది. పిల్ల తలూపింది.

"ఊఁ, ఇక ముందుకెళ్లు" అంది అక్క.