సారు ఫోటోకి నేను వేసిన దండ

మా చిన్నప్పుడు... కంప్యూటర్ చూడాలంటే చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి. మహబూబాబాద్‌లో మా బాపు కిరాణా కొట్టు పక్కనే షాహీనక్క డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు... అన్నీ ఆమె ఒక్కతే చేసేది. మానిటర్ మీద కప్పే గుడ్డ కూడా తనే కుట్టుకుంది, అంచుకు జరీ పెట్టి మరీ!

నేను ఆరో తరగతి. బడి నుంచి రాగానే సంచి బియ్యం బస్తాల మీద పారేసి, అక్క పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. "జర దూరం కూసో బేటా, చేతులకు నూనె ఉంటది" అని కసిరేది... మళ్లీ తనే మౌస్ నా చేతిలో పెట్టేది. నేను కనబడ్డ పువ్వునల్లా పత్రికలో దూరిస్తే నవ్వేది. "అంత నింపకు. అక్షరానికి గూడ ఊపిరి ఆడాలె" అనేది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో డిజైనర్‌ని. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు ఇదే మాట చెబుతుంటాను... నా సొంత మాటలాగా. సిగ్గులేదు నాకు.

ఒక శనివారం... ఒంటిపూట బడి. నెల్లికుదురు బడిలో పనిచేసే ఒక సారు రిటైర్ అవుతున్నారని ఆయన కొడుకు ఫ్లెక్సీ చేయిస్తున్నాడు. అప్పట్లో మా ఊళ్లో ఫ్లెక్సీ అచ్చు వేసే మిషన్ లేదు. అక్క సీడీలో వేసి ఇస్తే, అది పట్టుకుని రైలెక్కి వరంగల్ వెళ్లాలి. పని అంతా అయిపోయింది. "నమాజ్ చేసుకొని వస్త, ఏం ముట్టకు" అని అక్క లోపలి గదిలోకి వెళ్లింది.

నేను ఊరుకుంటేగా! తెర మీద సారు ఫోటో బోసిగా కనిపించింది. సన్మానం అంటే దండ వేస్తారు కదా... పొద్దున అక్క ఇంకో ఫ్లెక్సీకి వాడిన గులాబీల దండ బొమ్మ అక్కడే ఉంది. తీసుకొచ్చి సారు ఫోటోకి వేశాను. అబ్బ, కొలిచినట్టు కుదిరింది! అక్క చూసి మెచ్చుకుంటుందని సేవ్ కూడా చేశాను. ఇంతలో అమ్మ అన్నానికి పిలిస్తే పరుగెత్తాను.

పొద్దుటి ఫ్లెక్సీ చనిపోయిన ఒక ముసలాయనది. మెడలో దండ వేస్తే సన్మానం, ఫోటోకి వేస్తే మనిషి లేడని... ఆ మాత్రం తెలియదా అంటారా? మా ఇంట్లో తాత ఫోటోకి రోజూ చూసేదాన్నే. ఆ పూట నా బుద్ధి గడ్డి తింది, అంతే.

అక్క వచ్చేసరికి సారు కొడుకు బండికి టైమైతుందని తొందర పెట్టాడట. మళ్లీ తెరిచి చూడకుండానే సీడీ చేసి ఇచ్చేసింది.

వరంగల్‌లో చుట్ట చుట్టి ఇచ్చిన ఫ్లెక్సీని కొడుకు విప్పి చూడలేదట. రాత్రి కట్టినవాళ్లకు సారు ఎవరో తెలియదు. తెల్లారేసరికి బడి గేటుకు దండతో సారు! కబురు ఘనపూర్ దాకా పోయింది. అక్కడ ఉండే సారు వాళ్ల అక్క ఏడ్చుకుంటూ దొరికిన బస్సుకు వచ్చి, ఎదురుగా తమ్ముణ్ణి చూసి నిలబడ్డ చోటే కూలబడిందట.

సారు కొడుకు షాపు మీదికొచ్చాడు. "బతికున్న మనిషికి దండేస్తరా? మా అమ్మ పొద్దటి సంది ముద్ద ముట్టలే!"

అక్క చేతులు జోడించింది. "పొద్దుగాల గదే దండతోని పని జేసిన... అలవాటుల చెయ్యి అటు పోయినట్టుంది. నా తప్పే అన్నా, మాఫ్ చెయ్యి."

నన్ను కాపాడటానికి అనలేదు. నిజంగానే తన తప్పే అనుకుంది! నేను మా కొట్లో బస్తాల వెనుక నిలబడి అంతా విన్నాను. దెబ్బలకు భయపడ్డాను... ఇక షాపులోకి రానివ్వరేమోనని అంతకన్నా ఎక్కువ భయపడ్డాను.

శుభం పని ఆమె చేతికి ఇయ్యొద్దు అన్న మాట ఊరంతా పాకింది. ఆ ఎండాకాలం మా బాబాయి పెళ్లి. బాపు అన్నం తింటూ అన్నాడు, "షాహీన్ మంచిదే పాపం. గని లగ్గం పత్రికలు గదా... వేరే కాడ చేపిద్దాం." పక్కనే కూర్చుని తింటున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. పెళ్లికొచ్చిన అక్క ఆ పత్రిక అటూ ఇటూ తిప్పి చూసి, "రంగులు మంచిగ గలిసినయ్" అంది. నేను అక్కడి నుంచి లేచిపోయాను.

రెండేళ్లకు కంప్యూటర్ అమ్మేసింది. ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటోంది.

పోయిన నెల వెళ్లి కలిశాను. జాకెట్ కోసం వచ్చిన ఒకామెకు నన్ను చూపించి, "గీ పిల్ల నా కాడనే నేర్సుకుంది" అని ఎంత మురిసిపోయిందో! ఆమె వెళ్లాక, ఎందుకు మానేశావక్కా అని అడిగాను... తెలిసి తెలిసి.

"గా సారు దండ ముచ్చట అయినంక నా చెయ్యి మీద నాకే భరోసా పోయింది బేటా. చిన్న కార్డు జేసినా పదిసార్లు చూస్కునుడు... దిల్ దడదడ కొట్టుకునేది."

ఆమె ఇచ్చిన చాయ్ తాగాను. అప్పుడూ చెప్పకుండానే వచ్చేశాను. ఛీ... నా బతుకు!

ఇప్పటి కంప్యూటర్లు నయం... ఫైలును ఎవరు ముట్టారో, ఏం మార్చారో పేరుతో సహా చూపిస్తాయి. అప్పటివి ఏమీ చెప్పేవి కావు. చెప్పాల్సింది మనిషే.

రేపు పొద్దుటి బండికి మహబూబాబాద్ వెళ్తున్నాను. మళ్లీ చాయ్ తాగి తిరిగొచ్చేస్తానేమోనన్న భయంతో ఇక్కడ ముందే రాసేస్తున్నాను. మీ చిన్నప్పటి తప్పును తమదనుకుని మోస్తున్నవాళ్లు మీకూ ఉన్నారా? ఉంటే రాయండి... ఊహూ, ముందు వెళ్లి వాళ్లకు చెప్పండి.

అక్కా... గా దండ నీ చెయ్యి వెయ్యలే. నేనే వేసిన.